ఎదుటిపక్షం వాదన

లుబ్నా క్లాసులో ఒకటే రూలు. నువ్వు నమ్మినదాన్ని కాదు, ఎదుటివాడు నమ్మినదాన్ని వాదించాలి. మధ్యలో నోరు తడబడితే ఓడినట్టే. సిడ్నీలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో అమెరికా చరిత్ర అడ్వాన్స్‌డ్ కోర్సు ఆమె అలాగే చెప్పేది.

ఆ రోజు అమెరికా వలస రాజ్యాలు ఇంగ్లండు రాజు మీద తిరగబడిన పాఠం. రాజు తరఫున వాదించడానికి పిల్లల్లో ఒక్కరూ లేవలేదు. సరిగ్గా అప్పుడే ఓ కుర్రాడు తలుపు తోసుకొచ్చి, అడగనైనా అడక్కుండా ఆమె కంప్యూటరు ఆపేశాడు. పేరు సాజిద్, ఊరు ఒంగోలు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి మతి పోతుందని లోకం బెంబేలెత్తుతున్న రోజులవి. వాటిని ముందే సరిచేయడానికి స్కూలు పెట్టుకున్న కాంట్రాక్టు ఇంజనీరు అతను.

లుబ్నాకి ఒళ్లు మండింది. శిక్షగా రాజు తరఫున అతన్నే వాదించమంది.

సాజిద్ బుర్ర గోక్కుని, వాళ్ల నాన్న గొంతు అరువు తెచ్చుకున్నాడు. పెంచి పెద్దచేశాం, మీకోసం ఫ్రెంచివాళ్లతో యుద్ధం చేశాం, టీ మీద కాస్త పన్ను వేస్తే పెట్టెలకు పెట్టెలు సముద్రంలో పోస్తారా, ఎవడబ్బ సొమ్మని నిలదీశాడు. పిల్లలు బల్లలు చరిచారు. లుబ్నా నవ్వు దాచుకోవడానికి బోర్డువైపు తిరిగింది.

ఆ తర్వాత ఆ కంప్యూటరుకి నాలుగుసార్లు చెకప్ జరిగింది. దానికి ఏ రోగమూ లేదు. రోగం ఎవరికో పిల్లలందరికీ తెలుసు. ఏడాది చివరికి పెళ్లిమాట వచ్చింది.

జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ నిక్షేపంగా పనిచేశాయి. సాజిద్ కాంట్రాక్టు ముగిసింది. పని బాగా చేసినందుకు ఉద్యోగం పోయిన అల్లుడు నాకొద్దన్నాడు లుబ్నా తండ్రి మహబూబ్ పాషా. సిడ్నీ శివారు గిరావీన్‌లో ఆయనకి మసాలా దినుసుల కొట్టుంది. బేరంలో ఓడిన రోజు లేదు.

లుబ్నాకి సాజిద్ లేని బతుకు ఊహకే అందడంలేదు. రంజాన్ పండగనాడు అతన్ని భోజనానికి పిలిచి, తన రూలు ఇంట్లో పెట్టింది. నాన్నేమో సాజిద్ తరఫున, సాజిదేమో నాన్న తరఫున వాదించాలి. తీర్పు అమ్మ కుల్సుం చెప్పాలి. ఏ వాదన గెలిస్తే అదే ఖాయం. పోటీ అనగానే పాషా సై అన్నాడు.

ముందు సాజిద్ లేచాడు. కొలువు లేదు, వీసా ఏడు నెలలే, వంటంటే నూడుల్స్ ఒక్కటే వచ్చని తన గుట్టంతా తనే విప్పాడు. ఇంత బాగా వాదించకురా బాబూ అని లుబ్నా లోలోపల మొత్తుకుంది.

పాషా అయిష్టంగానే మొదలుపెట్టాడు. తర్వాత కొట్లో సరుకమ్మే గొంతు తన్నుకొచ్చింది. "వీడు ముట్టుకున్న మిషన్ ఒక్కటైనా చెడిందా? జాబ్ ఇవాళ లేకపోతే రేపొస్తది. ఉన్నదున్నట్టు చెప్పే గుణం ఏ మార్కెట్లో దొరుకుతది?"

ఇక జవాబు సాజిద్ చెప్పాలి. "వీడికి మా అమ్మాయంటే..." అని ఆగిపోయాడు.

కుల్సుం గడియారం చూసింది.

"ప్రేమ లేదు అనాలి ఆంటీ. అదొక్కటి నా నోట రావట్లేదు."

లుబ్నా కళ్లు నిండాయి. పాషా మాత్రం బల్ల చరిచాడు, "తడబడ్డాడు. గెలుపు నాదే."

"నీదే," అంది కుల్సుం, నవ్వకుండా.

ఏం గెలిచాడో ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. కూతురి మొహం చూశాడు. గెలిచిన బేరం వదులుకోవడం ఆయన వల్ల కాలేదు.

"మీ నాన్న నెంబరివ్వు అబ్బాయ్," అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ. "ఒంగోల్లో ఈ టైముకి లేచుంటారా?"