తూనీగకు డేగ తూకం

2074 నాటికి రోడ్డు మీద మనిషి స్టీరింగు పట్టడం నేరం. చేతులు దురదపెట్టే వాళ్ళంతా ఆదివారాలు కర్నూలు అవతల పాడుబడ్డ రన్‌వే మీద చేరి, ప్లాస్టిక్ కోన్ల మధ్య వంకరటింకరగా కార్లు తోలి పోటీ పడేవారు. దానికే ఆటోక్రాస్ అని పేరు.

ఆ రోజు సువర్చలకు ఒళ్ళు మండిపోతోంది. తూనీగ అనే చిన్న స్పోర్ట్స్ కారు ఆమె సొంత డిజైన్. డేగ ఒక పెద్ద కంపెనీది. బరువొకటే, మోటారొకటే. రెండింట్లో ఒకదాన్నే ఇకమీద పోటీకి ఖాయం చేస్తామంది క్లబ్బు. తూనీగను కాదంటే ఆమె షెడ్డు మూసుకోవడమే.

"నీ బండి తోక జారతాదమ్మా. డేగ రాయి మాదిరి నిలబడతాది," అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు ఓబులరెడ్డి. తూనీగను ఒక్క రౌండైనా తోలిన పాపాన పోలేదు మహానుభావుడు!

"తోలి చెప్పు రెడ్డన్నా! కుర్చీలో కూచోని తీర్పులేంది?"

ఆమె కట్టి, వెంట తెచ్చిన మాట్లాడే యంత్రం పేరు సమతూకి. మలుపులో కారు ముక్కు తిరగనని మొరాయిస్తే అండర్‌స్టీర్, ఆమె మాటల్లో ముక్కుమొండి. తోక బయటికి విసిరితే ఓవర్‌స్టీర్, అంటే తోకజారుడు. ఈ రెంటి మధ్య ఏ కారు తూకం దానిది. సమతూకి నాలుగు చక్రాల స్ప్రింగుల బిగువును క్షణక్షణం సర్ది, ఒక కారు తూకాన్ని అచ్చంగా ఇంకో కారుకు ఎక్కించగలదు. సువర్చల ఎవరికీ చెప్పకుండా తూనీగకు డేగ తూకం, డేగకు తూనీగ తూకం ఎక్కించింది.

ఓబులరెడ్డి రెండూ తోలాడు. డేగలోంచి దిగి మీసం దువ్వాడు. "ఇదీ బండంటే! ఆ తూనీగ తోక ఒక సోట నిలిస్తే గదా."

"నువ్వు తిట్టింది డేగ తూకాన్ని, పొగిడింది నా తూకాన్ని! అటుదిటు చేసి పెట్టినా. కంపెనీ బొమ్మ చూసి మెచ్చుకునేదానికి నీకు స్టీరింగెందుకన్నా?" అని అరిచింది సువర్చల.

ఓబులరెడ్డి మొహం కందగడ్డయింది. "అంత తెలిసినదానివి, నువ్వే తోలి సూపీ!"

ఆ కోపంలోనే ఆమె తూనీగ ఎక్కింది. ఒక్క కోనూ పడలేదు. దిగుతూనే అందరికీ వినబడేలా, "చూసినారా, ముక్కు ఎంత చురుగ్గా తిరిగిందో! ఏడు జన్మలెత్తినా డేగకు ఇది రాదు. కండ్లు మూసుకున్నా నా బండి నా చేతికి తెలుస్తాది," అంది.

మైకులో సమతూకి మర్యాదగా చెప్పింది: "మార్పిడి ఇంకా తీయలేదండీ. మీరు తోలింది డేగ తూకం."

సువర్చలకు తల కొట్టేసినట్టయింది, ఆ వెంటే కోపం తన్నుకొచ్చింది. తను కట్టిన యంత్రం, నలుగురిలో తన పరువే తీస్తుందా!

"దీని సెన్సర్ చెడిపోయింది," అంది.

ఓబులరెడ్డి వెంటనే తలూపాడు. "నేనూ అదే అనుకుంటాండా తల్లీ. ఎండకు చెడినట్టుంది. నేను తోలినప్పుడూ తూకాలు మార్సకనే మార్సినట్టు సూపించింటాది."

సమతూకిని ఇక రన్‌వే మీదికి రానివ్వకూడదని తీర్మానం పెట్టారు. చేతులన్నీ లేచాయి. అందరికంటే ముందు లేచింది సువర్చల చెయ్యే.

ఆ తర్వాత కార్ల మీద ఓటింగ్ జరిగింది. డేగ గెలిచింది. అన్యాయమని అరవడానికి సువర్చల నోరు తెరిచింది. ఓబులరెడ్డికి రెండు బండ్ల తేడా తెలియదని చెప్పగలిగింది ఆ యంత్రమొక్కటే. అది చెడిపోయిందన్నది తనే.