గౌరి దూడ

యాకుత్‌పురా స్టేషన్ వైపు నుంచి పొద్దుటి రైలు కూత వినిపించేసరికి బాలనర్సింహ స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని దొడ్లోకి వచ్చాడు. దేవుణ్ణి తలుచుకుని రెండు బర్రెల ముందూ చెరో పిడికెడు గడ్డి వేశాడు. యుద్ధం మొదలయ్యాక ఊళ్ల నుంచి గడ్డి బండ్లు సరిగా రావడం లేదు. లచ్చి ఒట్టిపోయి ఆరు నెలలైంది. అయినా చనిపోయిన తల్లి చేతిమీద పెరిగిన బర్రె అని, పాలిచ్చే గౌరికి ఎంత వేస్తాడో దానికీ అంతే వేస్తాడు. ఇంట్లోనూ అదే పద్ధతి. కంట్రోలు దుకాణంలో దొరికిన జొన్నలతో కాచిన అంబలి తలా రెండు గరిటెలు. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు.

గౌరి ఎదుట దూడ నిలబడి ఉంది. ప్రాణమున్న దూడ కాదు. నెల కిందట గౌరి దూడ చనిపోతే, తోలు పని చేసే గుండయ్య దాని తోలుకు ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల వరిగడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్లుగా పెట్టి కుట్టి ఇచ్చాడు. దాని వీపు నాకుతూ ఉంటేనే గౌరి చేపుతుంది, పొదుగులోకి పాలు దిగుతాయి. పక్కకు తీస్తే రోజంతా అరుస్తుంది. అందుకని దాన్ని అక్కడే గుంజకు ఆనించి ఉంచేవారు.

ఆ పొద్దున పాలు పితుకుతూ బాలనర్సింహ చెయ్యి ఆపేశాడు. దూడ కడుపు లోపలికి పోయి ఉంది. నిన్నటిదాకా గుండ్రంగా ఉన్న తోలు ముడతలు పడింది. చచ్చిపోయే ముందు రోజుల్లో అది అచ్చం ఇలాగే ఉండేది.

"దీన్నెవరన్నా ముట్టిన్రా?" అని భార్యను కేకేశాడు.

కొమురమ్మ గడప దాటి రాలేదు. "ఎవరు ముడతరయ్యా? నాకైతే దాని దిక్కు చూస్తనే భయమైతది."

కొడుకు అంజన్ రైల్వేలో మూటలు మోసే పనికి బయల్దేరుతూ నవ్వాడు. "లోపల గడ్డి అణిగి ఉంటది, అవ్వా. నువ్వు ఊకెనే ఫికర్ జేస్తవ్." మూల దొరికిన గడ్డి రెండు పిడికిళ్లు దాని కడుపులో కూరి, తాడుతో బిగించి వెళ్లాడు.

మరునాటికి ఆ కడుపు మళ్లీ ఖాళీ అయింది. కింద ఒక్క పరక లేదు. దొడ్డి తలుపు గొళ్లెం వేసినట్టే ఉంది. కుట్టు దగ్గర తోలు మాత్రం తడిగా ఉంది.

లోపల నాలుగు నెలల మనవరాలు పుష్పమ్మ ఏడుస్తోంది. పిల్ల ఏడుపు ఈమధ్య సన్నబడింది. కోడలు ఆండాలు ఎంతసేపు ఒళ్లో పెట్టుకున్నా పిల్లకు నాలుగు గుక్కలు కూడా దొరకడం లేదు. నాలుగో రోజు కొమురమ్మ మనవరాలి కాళ్లు పట్టుకుని చూసి, దొడ్లోకి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమయ్యా, దొడ్ల దూడ చిక్కినంత ఇంట్ల పిల్ల చిక్కుతుంది. నువ్వు చూస్తలేవా? దాన్ని తీసి పారెయ్. అది మన పిల్లను అడుగుతుంది."

"పారేస్తే బర్రె పాలిస్తదా? పాలు లేకుంటే ఏం తింటం?"

కొమురమ్మ దూడ మెడకు పసుపు దారం కట్టి, ఇంటి నిండా ఊదు వేసింది. ఆ పొగలో దూడ గాజు పూసల కళ్లు తడిగా మెరిశాయి. మరునాడు దాని డొక్క ఇంకా లోపలికి పోయింది.

బాలనర్సింహ దేవుడికి భయపడే మనిషి, దయ్యాలను నమ్మే మనిషి కాదు. ఆ రోజు పాలు పోసి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి కోడల్ని అడిగాడు.

"పొయ్యిలకు పిడకలు చాలుతలెవ్వని ఆ గడ్డి గిట్ల పీకుతున్నవా, బిడ్డా?"

ఆండాలు పిల్లను భుజాన వేసుకుని లేచింది. పెళ్లయి రెండేళ్లలో ఆమె మామకు ఎదురు మాట్లాడింది లేదు.

"నేనెందుకు పీకుత మామా? పావుసేరు పాలు ఇంట్ల ఉంచుమని మూడు దినాలసంది అత్తతోని అడిగిపిస్తున్న. గడ్డి నేనేం జేసుకుంట?"

"దినాం పోసే వాడిక ఇండ్లకే పాలు చాలుతలెవ్వు. పాలు పోస్తేనే గింజలు. గింజలుంటేనే అందరం బతుకుతం. నేను ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పెట్టిన్నా?"

"పెట్టలె మామా. అందరికీ ఒక్కతీరుగనే పెట్టిన్రు." ఆండాలు పిల్లను ఇటు భుజానికి మార్చుకుంది. "కని, మీరు తిన్న రెండు గరిటెలు మీకే. నేను తిన్న రెండు గరిటెలల్ల ఇద్దరం బతకాలె. మగదూడ గదా, దానికి పాలు ఇడువకున్రి అని ఆనాడు గూడ మీరే చెప్పిన్రు. అది గిట్లనే చిక్కి చచ్చిపాయె."

"నోరు ముయ్యే!" అంది కొమురమ్మ. బాలనర్సింహ కండువా దులిపి దొడ్లోకి వెళ్లిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంట్లో అందరూ నడుం వాల్చే వేళ. గల్లీలో మనిషి అలికిడి లేదు. బాలనర్సింహ దొడ్డి తలుపు చాటున కూర్చుని రంధ్రంలోంచి చూస్తున్నాడు.

దూడ కదిలింది.

బాలనర్సింహ చేతులు జోడించాడు. దూడ మళ్లీ కదిలింది, ముందుకు ఊగింది. అప్పుడు కనిపించింది. గౌరి మెడ చాచి దాని వీపు నాకుతోంది. తల నుంచి తోక దాకా, మెల్లగా, ప్రాణమున్న బిడ్డను నాకినట్టే నాకింది. నాకి నాకి కడుపు కుట్టు దగ్గరికి వచ్చి ఆగింది. ముట్టెతో తడిమింది. పళ్లతో లోపలి గడ్డి లాగి, కళ్లు మూసుకుని నమిలింది.

అలా నములుతున్నంతసేపూ పొదుగు నుంచి పాలు బొట్లు బొట్లుగా మట్టిలో పడుతూనే ఉన్నాయి.

బాలనర్సింహ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. తనకు రోజూ పాలిస్తున్న ఆ తల్లికి తను వేసిన పిడికెడు గడ్డి చాలలేదు. ఒట్టిపోయిన బర్రెకూ దానికీ సమానంగా వేసి అదే ధర్మమనుకున్నాడు. ఇన్నాళ్లూ దేవుడి ముందు నిలబడి, నేను ఎవరికీ అన్యాయం చెయ్యలేదు స్వామీ అని చెప్పుకున్నాడు. ఆ మాట దేవుడు ఎలా విన్నాడో!

లచ్చి దగ్గరికి వెళ్లి దాని నుదురు నిమిరాడు. "మా అవ్వ ఉన్నా ఇదే జేస్తుండె," అన్నాడు దానితో.

సాయంత్రం అంజన్ రాగానే చెప్పాడు. "రేపు లచ్చిని మీ మేనమామ ఊరికి తోలుకపో. ఆడ చెరువు శిఖంల, నీళ్లు తీసినకాడ, పచ్చిక ఉన్నది. ఈడి గడ్డంత గౌరికే."

"నాయనమ్మ బర్రె గదా, బాపూ?"

"అందుకే చెప్తున్న. ఈడ ఉంటే రెండూ చస్తయ్."

తర్వాత వంటింట్లోకి వెళ్లి తన గిన్నెలోని అంబలి కోడలి గిన్నెలో వంచాడు. ఆండాలు కంగారుగా లేచింది.

"మామా, ఇదేంది? మీరు తినకుండ..."

"కూసో బిడ్డా. ఇయ్యాల్టిసంది ముందుగాల నువ్వు తినాలె. నువ్వు తిన్నంక మిగిలింది మేం తింటం. అర్ధసేరు పాలు గూడ నీకే. ఒక ఇల్లు వాడిక రేపు బందు పెడతా. జొన్నలు తక్కువైతే తక్కువే తింటం." ఖాళీ గిన్నె కింద పెట్టాడు. "నేను అందరికీ ఒక్కతీరుగ బెట్టిన గని, ఎవరి మీద ఎవరు బతుకుతున్నరో చూడలె. తప్పు నాదే."

కొమురమ్మ ఏడుస్తూ తన గిన్నె కూడా ముందుకు జరిపింది. ఆండాలు తలవంచుకుని తింది. కన్నీళ్లు అంబలిలో పడ్డాయి.

వారం రోజుల తర్వాత, దూడ బొందిలో మళ్లీ కూరిన గడ్డి ఎక్కడిదక్కడే ఉంది. ఆ పొద్దున బాలనర్సింహ చెంబు పట్టుకుని కూర్చున్నాడు. గౌరి ఇంకా దూడ వైపు మెడ చాచనే లేదు. ఇంట్లోంచి పుష్పమ్మ ఏడుపు వినిపించింది, గట్టిగా, గల్లీ అంతా వినబడేటట్టు. గౌరి చెవులు నిక్కబొడుచుకుని ఇంటి వైపు తల తిప్పింది.

ముట్టకుండానే పొదుగు చేపింది. ఏడుపు ఆగి పిల్ల పాలు తాగుతున్న చప్పుడు లోపలి నుంచి వినిపించేదాకా బాలనర్సింహ ఒక్క ధార కూడా పితకలేదు.