అరవై రెండు నిమిషాల తాళం

సోమవారం ఉదయం 10:04కి తాళం ఉంది. 10:06కి లేదు.

ఆ రెండు నిమిషాల్లో ఆస్ట్రేలియా దక్షిణ కొసన ఉన్న హోబార్ట్ ఆఫీసు సర్వర్ మీద నుంచి ఒక చిన్న ఫైలు మాయమైంది. దానివల్ల ఆ రోజు వ్యాన్ల జాబితాలోంచి ముప్పై ఏడు మంది రోగుల పేర్లు రాలిపోయాయి. అందులో ఒకరు మెర్వ్ క్విల్టీ. వయసు డెబ్బై ఎనిమిది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికి వ్యాను వెళ్ళలేదు. సాయంత్రం 6:20కి ఊపిరాడక అంబులెన్సులో ఆసుపత్రికి చేరాడు.

మంగళవారం ఉదయం 7:50కి మేనేజర్ లొరైన్ కేసును రాస్ టిప్పెట్‌కు అప్పగించింది.

రోగులను ఇంటి నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి ఇంటికీ చేర్చే ఆ వ్యాన్ల కంపెనీలో రాస్‌ది పదకొండేళ్ళ సర్వీసు. సాఫ్ట్‌వేర్‌లో ఏది పాడైనా ఎవరివల్ల పాడైందో పట్టుకోవడం అతని పని. పట్టుకున్నాక నలుగురి ముందు చెప్పడం అతని సరదా. ఇలాంటి మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకడు ఉంటాడు. అతన్ని అందరూ మెచ్చుకుంటారు, ఎవరూ పక్కన కూర్చుని టీ తాగరు. కాఫీ కప్పు మీద ‘డిటెక్టివ్’ అని రాయించి ఇచ్చారు. అది వెక్కిరింత అని రాస్‌కు ఇంకా తెలియదు.

సర్వర్ తన పనులన్నీ రాసుకునే లాగ్‌లు తెరిచాడు. కథ సూటిగానే ఉంది.

కొత్త ప్రోగ్రాంను సర్వర్ మీదికి ఎక్కించడానికి అక్కడ ఒక స్క్రిప్టు ఉంది. అది పాత ప్రోగ్రాం తీసి కొత్తది పెడుతుంది. చివర్లో ఆ రోజు వ్యాన్ల జాబితాను మొత్తం చెరిపి మళ్ళీ నింపుతుంది. ఇద్దరు ఒకేసారి నడిపితే ఒకరు నింపుతున్నది ఇంకొకరు చెరుపుతారు. అందుకే స్క్రిప్టు మొదలవగానే తాళం ఫైలు ఒకటి పెడుతుంది. బాత్రూం తలుపుకి లోపలి గొళ్ళెం లాంటిదన్నమాట. తాళం కనిపిస్తే రెండో మనిషి బయటే ఆగాలి.

10:04కి ఉత్తరాన ఉన్న కెయిన్స్ ఆఫీసు నుంచి డెస్లీ హార్‌బాటిల్ స్క్రిప్టు నడిపింది. తాళం పడింది.

10:06కి హోబార్ట్ నుంచి టీగన్ నడిపింది. ఆమెను ఎవరూ ఆపలేదు.

తాళం ఎవరు తీశారు?

రాస్ పాత రికార్డులు తిరగేశాడు. జూలైలో డెస్లీ కంప్యూటర్ రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. రెండుసార్లూ తాళం సర్వర్ మీద ఉండిపోయింది. రెండుసార్లూ ఆమె చేత్తో తీసేసింది. పేరుతో సహా రికార్డయింది.

రాస్ కుర్చీలో వెనక్కి వాలాడు. కేసు తేలిపోయింది అనుకున్నాడు. అప్పటికి 8:25.

9:30కి మీటింగ్. కెయిన్స్ నుంచి డెస్లీ తెర మీద కనిపించింది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళు బ్యాంకు కౌంటర్‌లో పనిచేసింది. బ్రాంచి మూసేస్తే మళ్ళీ చదువుకుని ఏప్రిల్‌లో కెయిన్స్ ఆఫీసు తెరిచినప్పుడు ఈ ఉద్యోగంలో చేరింది. ఆరు నెలల కాంట్రాక్టు శుక్రవారంతో ముగుస్తుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"సోమవారం స్క్రిప్టు ఎన్నింటికి మొదలుపెట్టారు?" రాస్ అడిగాడు.

"తొమ్మిదీ నాలుగుకి నాయనా. మా టైము."

రాస్ మనసులోనే ఒక గంట కలుపుకున్నాడు. నిన్నటి నుంచి అందరూ చేస్తున్న పనే.

"మధ్యలో ఆగిందా?"

"లేదు. ఆరేడు నిమిషాలు నడిచింది. బాగానే అయిపోయింది అనుకున్నా."

"తాళం ముట్టుకున్నారా?"

"లేదు."

"జూలైలో ముట్టుకున్నారుగా?"

"అప్పుడు నిన్ను అడిగే తీశాను. ఈసారి ముట్టుకోలేదు నాయనా."

"తాళం దానంతటది నడిచి వెళ్ళిపోదు డెస్లీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. డెస్లీ నవ్వలేదు. కాసేపు ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు చూసింది. తర్వాత తల దించుకుంది. మీటింగ్ అయ్యాక లొరైన్ రాస్‌ను ఆపి, ఇంకా ఏమైనా అనుమానం ఉందా అని అడిగింది. లేదన్నాడు. అయితే డెస్లీ కాంట్రాక్టు పొడిగించనని ఆమె చెప్పింది. రాస్ తలూపి, కింద బేకరీలో స్కాలప్ పై అనే ఆల్చిప్ప మాంసం పేస్ట్రీ కొనుక్కుని రేవు గట్టు మీద కూర్చుని తిన్నాడు. ఆ రోజు అది అతనికి బాగానే రుచించింది.

బుధవారం 9:10కి రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. ఒక్కటి మాత్రం అతకలేదు. తాళం చేత్తో తీస్తే, తీసిన మనిషి పేరు సర్వర్ రాసుకుంటుంది. జూలైలో రాసుకుంది. సోమవారం ఏ పేరూ లేదు.

డెస్లీ రికార్డు కూడా చెరిపేసిందా? మొన్న మొన్న నేర్చుకున్న మనిషికి అంత పనితనం ఎక్కడిది?

టీగన్ డెస్కు దగ్గరికి వెళ్ళాడు. ఆమెకు ముప్పై ఏళ్ళు. ఎప్పుడూ కంగారుగా ఉంటుంది. సోమవారం నుంచి ఇంకా ఎక్కువైంది.

"నువ్వు నడిపినప్పుడు నీ తెర మీద ఏం వచ్చింది?"

"మామూలుగా వచ్చేవే."

"ఆ విండో ఉందా?"

"ఉంది. భయమేసి మూయలేదు."

రాస్ వంగి చదివాడు. మూడో లైను దగ్గర ఆగిపోయాడు.

పాత తాళం దొరికింది. వయసు 62 నిమిషాలు. తొలగించాను.

"ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్నేం అడగలేదుగా రాస్," అంది టీగన్. "అందరం డెస్లీ అనే అనుకున్నాం. నువ్వు చెప్పావని."

స్క్రిప్టులో ఒక ఏర్పాటు ఉంది. ఎవరి కంప్యూటరైనా మధ్యలో చచ్చిపోతే తాళం అనాథగా మిగిలిపోతుంది. అందుకని ముప్పై నిమిషాలు దాటిన తాళాన్ని స్క్రిప్టే తీసేస్తుంది. ఆ మాట నడిపిన మనిషి తెర మీద మాత్రమే చెబుతుంది. సర్వర్‌లో రాయదు. జూలైలో అంతసేపు ఆగలేకనే డెస్లీ చేత్తో తీసింది.

కానీ ఈ తాళం వయసు రెండు నిమిషాలు. అరవై రెండు ఎలా అయింది?

సర్వర్ గడియారం చూశాడు. సరిగ్గానే ఉంది. టీగన్ కంప్యూటర్ గడియారం చూశాడు. అదీ సరిగ్గానే ఉంది. మధ్యాహ్నం దాకా తల పట్టుకున్నాడు. అంతు చిక్కలేదు.

3:15కి ఆసుపత్రికి వెళ్ళాడు. కంపెనీ తరఫున ఎవరో ఒకరు మెర్వ్‌ను చూసి రావాలని లొరైన్ పంపింది. మెర్వ్ మంచం మీద కూర్చుని జెల్లీ తింటున్నాడు. చేతులు ఉబ్బి ఉన్నాయి. కంపెనీ పేరు వినగానే చెంచా కింద పెట్టి, ముందుగా ఆయనే క్షమాపణ చెప్పాడు.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను బాబూ."

"మీరా? మీరేం చేశారు?"

"పన్నెండుంబావుకి వ్యాను రావాలి. సంచి పట్టుకుని వరండాలో కూర్చున్నా. రాలేదు. ఫోన్ చేస్తే లిస్టులో మీ పేరు లేదంది ఆ అమ్మాయి. ఆదివారం వేసవి టైముకని గడియారాలు గంట ముందుకు మార్చారు కదా. నేను మార్చడం మర్చిపోయి, వచ్చిన వ్యాను వెళ్ళిపోయిందేమో అనుకున్నా. మా ఆవిడ ఉన్నప్పుడు ఆ పని తనే చూసుకునేది. మళ్ళీ ఫోన్ చేసి అడగడానికి సిగ్గేసింది."

"ఎంతసేపు కూర్చున్నారు?"

"అయిదు దాటింది. ఊపిరాడనప్పుడు పక్కింటామె చూసింది." మెర్వ్ మళ్ళీ చెంచా తీసుకున్నాడు. "తర్వాత చూస్తే గడియారం సరిగ్గానే ఉంది. మార్చినట్టే ఉన్నా. మరి పొరపాటు ఎక్కడ జరిగిందో."

రాస్ లేచి నిలబడ్డాడు.

ఆదివారం గడియారాలు మార్చారు. హోబార్ట్ ఉన్న టాస్మానియాలో మార్చారు. కెయిన్స్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో మార్చరు. అక్కడి వాళ్ళు ఒకప్పుడు కొన్నాళ్ళు మార్చి చూసి, ఇక వద్దని ఓటు వేశారు. ఏప్రిల్ నుంచి రెండు ఊళ్ళదీ ఒకే టైము. సోమవారం పొద్దున మాత్రం హోబార్ట్ ఒక గంట ముందుంది.

తాళం మీద టైము రాసేది సర్వర్ కాదు. నడిపిన మనిషి కంప్యూటర్. డెస్లీ కంప్యూటర్ 9:04 అని రాసింది. టీగన్ కంప్యూటర్ 10:06 దగ్గర నిలబడి దాన్ని చదివింది. అరవై రెండు నిమిషాల పాతది అనుకుంది. తీసి పారేసింది.

ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. డెస్లీ చెప్పింది అక్షరాలా నిజం. మీటింగ్‌లో రాస్ మనసులో కలుపుకున్న ఆ ఒక్క గంటే స్క్రిప్టు కలుపుకోలేదు.

ఆ స్క్రిప్టు రాసిందెవరో రాస్ వెతకాల్సిన పని లేదు. మొదటి లైనులో ఆర్. టిప్పెట్ అని ఉంటుంది. తొమ్మిదేళ్ళ కిందట, కెయిన్స్ ఆఫీసు లేని రోజుల్లో, ఒక మధ్యాహ్నం కూర్చుని రాశాడు. అప్పట్లో దాన్ని చూసుకుని మురిసిపోయాడు కూడా.

కారులో కూర్చున్నాక ఇంకొకటి గుర్తొచ్చింది. అది గుర్తురాకుండా ఉంటే బాగుండునని ఆ క్షణంలో అతనికి నిజంగా అనిపించింది. ఫోన్‌లో వెతికాడు. ఆగస్టు 14. ఆఫీసు ఆన్‌లైన్ ప్రశ్నల పేజీలో డెస్లీ పెట్టిన ప్రశ్న.

అక్టోబర్‌లో మీ గడియారాలు జరుగుతాయి కదా. అప్పుడు తాళం మీది టైము లెక్క తప్పదా?

కింద రాస్ జవాబు.

గడియారం జరిపితే ఎండ ఒక గంట ఎక్కువై మీ కర్టెన్లు వెలిసిపోతాయనే కదా క్వీన్స్‌లాండ్ వాళ్ళ భయం. తాళాలు వెలిసిపోవు, నిశ్చింతగా ఉండండి.

దాని కింద నవ్వే బొమ్మలు ఆరు. క్వీన్స్‌లాండ్ మీద దక్షిణాది రాష్ట్రాల వాళ్ళు వేసే ఆ అరిగిపోయిన జోకుకి ఆరుగురు నవ్వారు. ప్రశ్నను రాస్ తనే మూసేశాడు. ఇప్పుడు అతనికి తల కొట్టేసినట్టయింది. మంగళవారం డెస్లీ తల దించుకునే ముందు ఏం గుర్తు చేసుకుందో తెలిసింది. ఒకసారి నవ్వులపాలైన మనిషి, అదే మాట ఇంకోసారి ఎత్తలేదు.

సాయంత్రం 5:05కి ఆఫీసు ఖాళీ అయింది. రాస్ స్క్రిప్టు తెరిచాడు. తాళం మీద టైము సర్వరే రాసేలా మార్చాడు. నాలుగు నిమిషాల పని. తర్వాత రిపోర్టు రాశాడు.

సమయ నిర్వహణలో చిన్న లోపం గుర్తించబడింది. సరిచేయబడింది.

చదువుకున్నాడు. అబద్ధం లేదు. మనిషీ లేడు. ఇది పంపితే డెస్లీ ఉద్యోగం నిలుస్తుంది. తన పేరు బయటికి రాదు. ఆగస్టు ప్రశ్నను ఎవరూ తవ్వరు. పంపుదామని చెయ్యి పెట్టాడు కూడా. వరండాలో సంచి పట్టుకుని కూర్చుని తన గడియారాన్ని అనుమానించుకున్న ముసలాయన గుర్తొచ్చాడు. తప్పు చేయని ఇద్దరు సిగ్గుపడ్డారు. చేసినవాడు పేస్ట్రీ కొనుక్కు తిన్నాడు.

రెండు వాక్యాలూ చెరిపేశాడు.

గురువారం 10:00. మంగళవారం ఉన్నవాళ్ళందరినీ రాస్ మళ్ళీ పిలిపించాడు. డెస్లీ తెర మీదికి వచ్చింది. వెనక గోడ దగ్గర అట్టపెట్టె కనిపిస్తోంది. అప్పుడే సామాను సర్దుకోవడం మొదలుపెట్టినట్టుంది.

"తాళం ఎవరు తీశారో కనుక్కున్నాను," అన్నాడు రాస్. "స్క్రిప్టు తీసింది. ఆ స్క్రిప్టు రాసింది నేను."

టీగన్ తెర మీది లైను చూపించాడు. 9:04, 10:06, మధ్యలో లేని గంట. ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ఎప్పుడూ ఇలాంటి చోట అతని గొంతు పెరుగుతుంది. ఈసారి వెనక కూర్చున్నవాళ్ళకు సరిగ్గా వినపడలేదు.

"అంటే దీన్ని ముందే పట్టుకునే అవకాశం లేదన్నమాట," అంది లొరైన్. అతన్ని కాపాడదామనే అంది.

"ఉంది. డెస్లీ ఆగస్టులోనే పట్టుకుంది."

ఆమె ప్రశ్న పైకి చదివాడు. తర్వాత తన జవాబు చదివాడు. కర్టెన్ల దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆ రోజు నవ్వే బొమ్మలు పెట్టిన ఆరుగురిలో నలుగురు ఆ గదిలోనే ఉన్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

"మంగళవారం నేను మీ పేరు చెప్పాను డెస్లీ. నిజం చూడకుండానే చెప్పాను. మీకు ముఖం చూపించడానికి సిగ్గుగా ఉంది."

డెస్లీ ముందుగా ఆ పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగింది. కోలుకుంటున్నాడని, పొద్దున మళ్ళీ వెళ్ళి తప్పు ఆయనది కాదని చెప్పి వచ్చానని రాస్ చెప్పాడు. లొరైన్ గొంతు సవరించుకుని, కాంట్రాక్టు కాగితాలు ఈ రోజే పంపిస్తానంది.

"పంపు. చదివి చెప్తాను," అంది డెస్లీ. "రాస్, నా ప్రశ్న ఇంకా అలాగే మూసేసి ఉంది నాయనా. నాకు దానికి జవాబు కావాలి."

మీటింగ్ ముగిసింది. రాస్ డెస్కు దగ్గరికి వచ్చి ఆగస్టు ప్రశ్నను మళ్ళీ తెరిచాడు. తన పాత జవాబు పక్కన చెరిపేసే మీట ఉంది. దాన్ని ముట్టుకోలేదు. కింద రాశాడు.

అవును. తప్పుతుంది. మీరు అడిగిన రోజే నేను చూడాల్సింది.

10:52కి పంపాడు. ఈసారి ప్రశ్న మూసేది అడిగిన మనిషే. అతను ఎదురుచూశాడు. చాయ్ కూడా తెచ్చుకోలేదు.

11:20కి ప్రశ్న మూసుకుంది. చివర్లో డెస్లీ ఒక్క లైను రాసింది.

మా కర్టెన్లు బాగానే ఉన్నాయి నాయనా.