మైనస్ ఎనభైలో ఒక అబద్ధం

చచ్చినవాడు చల్లగా ఉండటంలో వింతేమీ లేదు. కానీ శాంపిల్ బ్యాంకు ఇన్‌ఛార్జి మరీ చల్లగా ఉన్నాడు. మైనస్ ఎనభై డిగ్రీల గదిలో, రక్తం ట్యూబుల ర్యాకుల మధ్య, మోకాళ్ళు గుండెకి ఆనించుకుని, కనుబొమల మీద మంచు పేరుకుని కూర్చుని ఉన్నాడు. తలుపుకి బయట గడియ. పొద్దున్నే ఊడవడానికి వచ్చిన ఆవిడ తలుపు తీసి, "ఇదేం నిద్ర సార్, ఇల్లు లేదా?" అని కేకలేసిందట కూడా, పాపం.

"యాక్సిడెంట్ అని రాసుకున్నారు," అంది పెద్దమ్మ. "రాసుకోనీ. కూర్చోవయ్యా."

తోడల్లుడు కూర్చున్నాడు.

ఆ డిపార్ట్‌మెంటులో ఎవరికీ పేర్లుండవు, వరసలుంటాయి. అవే కోడ్ పేర్లు. పెద్దమ్మ అంటే చీఫ్. అరవై దాటి చాలాకాలమైనా, రిటైర్మెంట్ కాగితం ఆవిడ చేతికిచ్చే ధైర్యం ఎవరికీ లేక అలాగే ఉండిపోయింది. మన ఏజెంటు తోడల్లుడు. పెళ్ళే కానివాడికి ఆ వరస ఎలా వచ్చిందని అడగకండి, మంచివన్నీ ముందొచ్చినవాళ్ళు తీసేసుకున్నారు. ఒకప్పుడు పశువుల డాక్టరు. ఆవుల దగ్గర అలవాటైన ఓపిక అబద్ధాలాడేవాళ్ళ దగ్గర బాగా పనికొస్తోందని అంటూంటాడు.

వాళ్ళు కాపలా కాసేది సరిహద్దులకి కాదు, రోగాలకి. గబ్బిలాల్లో, కోళ్ళల్లో, పందుల్లో ఏ వైరస్ తిరుగుతోంది, అది మనిషి గడప ఎప్పుడు తొక్కబోతోంది, ఇదీ వాళ్ళు కనిపెట్టాల్సింది. ముందుగా గంట కొట్టాలి. ఇన్నేళ్ళలో ముందుగా కొట్టిన గంట ఒక్కటీ లేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే జరిగిందెప్పుడూ.

పెద్దమ్మ గోడ మీద మ్యాప్ వెలిగించింది. "పెద్ద పందుల ఫారం. చుట్టూ పండ్లతోట. గబ్బిలం పండు కొరికి సగం కింద పడేస్తుంది. అది పంది తింటుంది. పంది దగ్గుతుంది. పందిని కడిగేవాడికి జ్వరం, ఆ తర్వాత మతి తప్పడం. వాడికి సేవ చేసిన నర్సుకి అదే జ్వరం."

"ఆ నర్సు మా చెల్లెలు," అన్నాడు తోడల్లుడు.

"తెలుసయ్యా. అందుకే ఈ కేసు నీకివ్వకూడదు. అందుకే ఇస్తున్నాను."

ఇది కోడ్ కాదు. సొంత చెల్లెలు. తల్లి పోయాక తనే జడలు వేసి స్కూలుకి పంపినది.

"మన ల్యాబ్ ఏమంది?"

"పందులు క్లీన్. పనివాళ్ళు క్లీన్. నీ చెల్లెలూ క్లీన్. సాయంత్రం కమిటీ కూర్చుంటుంది, అలర్ట్ ఎత్తేస్తుంది. ఫారం ఖాళీ చేసేశారు. పందులన్నీ దూరపు రేవులో ఓడెక్కాయి. అలర్ట్ పోయిన మరుక్షణం ఓడ కదులుతుంది. వెనకాల ఉన్నది సిండికేట్, మన దేశపువాళ్ళు కాదు. వైరస్‌ని వాళ్ళు తయారుచేయలేదు, అంత బుర్ర వాళ్ళకి లేదు. గబ్బిలం చేసిపెట్టింది. దానికి పనిచేసే ఇంజక్షన్ మాత్రం వాళ్ళ గోడౌన్లో ఉంది. జబ్బు ఎన్ని రేవులు దాటితే ఇంజక్షన్‌కి అంత గిరాకీ."

"మన లాకర్లో కూడా ఉన్నాయిగా కొన్ని డోసులు?"

"ఉన్నాయి. రోగం ఫలానా అని కన్ఫర్మ్ అయితే గానీ లాకర్ తీయరు."

తోడల్లుడు రిపోర్టులు ముందుకి లాక్కున్నాడు. ఒక కాగితం దగ్గర వేలు ఆగింది.

"పెద్దమ్మా, ఇవి ఆ ఫారం పందులు కావు. అక్కడ ప్రతి పిల్లకీ పుట్టిన కొత్తలోనే స్వైన్ ఫీవర్ టీకా వేస్తారు. నేనే వేశాను కొన్ని వేలు. టీకా వేసిన పంది రక్తంలో దాని గుర్తు ఉండితీరాలి. వీటిలో లేదు. ట్యూబులు మార్చేశారు. క్లీన్‌గా చూపించాలన్న ఆత్రంలో మరీ క్లీన్ పందుల్ని తెచ్చారు."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు వెటర్నరీ చదవలేదు మరి.

"ఎవరో ట్యూబులు మార్చడం ఇన్‌ఛార్జి చూశాడు. పోయాడు," అంది పెద్దమ్మ. "అసలు ట్యూబులు సిండికేట్ దగ్గర ఉన్నాయి. వదిన కబురు పంపింది. హోటల్లో నీ చేతికిస్తానంది."

వదిన అంటే సిండికేట్‌లో పనిచేస్తున్న తమ మనిషి. అలా అని ఇద్దరూ అనుకున్నారు.

లిఫ్ట్ దగ్గర ఫోన్ మోగింది.

"అన్నయ్యా," అంది చెల్లెలు. గొంతు పీలగా ఉంది. "రిపోర్టులో ఏమీ లేదటగా. డాక్టరుగారు నన్ను నాటకాలాడుతున్నానన్నట్టు చూస్తున్నారు. ఏమీ లేకపోతే పక్కనున్న గ్లాసు రెండెందుకు కనిపిస్తోంది?"

"నాటకం నువ్వు కాదే, వేరేవాళ్ళాడుతున్నారు. ఓపిక పట్టు. మందు పంపిస్తాను."

"త్వరగా పంపు. భయంగా ఉంది."

చిన్నప్పుడు చీకటి గదిలోకి వెళ్ళడానికి కూడా ఆ పిల్ల భయమని అనలేదు. ఆమె ఉన్న ఆసుపత్రి ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. కొత్తగా రక్తం తీయించి తెప్పించేసరికి ఓడ నడిసముద్రంలో ఉంటుంది. ఇక వదినే దిక్కు.

హోటల్లోకి ఏసీ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. ఖాకీ చొక్కా, భుజాన పనిముట్ల సంచి, సంచిలో గడ్డం గీసుకునే మిషను. అది గడ్డం గీయదు. లోపలున్నది జేబు పీసీఆర్. తడి తగిలిస్తే వైరస్ ఉందో లేదో అరగంటలో చెబుతుంది. మెకానిక్ రావాలంటే ఏసీ పాడవ్వాలిగా, ఆ పని మధ్యాహ్నమే కింద బేస్‌మెంట్‌లో జరిగిపోయింది.

వదిన తలుపు తీసింది. ముదురాకుపచ్చ సిల్కు గౌను, చెవులకి ముత్యాలు. ఆమె గదిలోకి వస్తే మగవాళ్ళు చెబుతున్న మాట మరిచిపోతారని డిపార్ట్‌మెంట్లో పేరు. తోడల్లుడు మరిచిపోలేదు గానీ, ఒక్క క్షణం తడుముకున్నాడు.

"ఇక్కడ గాలి ఆడటం లేదా అమ్మా?" అది పాస్‌వర్డ్.

"గాలికేం బాబూ, మనుషులకే ఊపిరాడటం లేదు," అని జవాబు చెప్పి స్టీల్ ఫ్లాస్క్ చేతికిచ్చింది. "పట్టుకుని వెళ్ళిపో. త్వరగా."

తోడల్లుడు వెళ్ళలేదు. మూత తీసి, ఒక ట్యూబు తెరిచి వాసన చూశాడు. బ్లీచింగ్. ఆసుపత్రి బాత్‌రూముల వాసన. ఆ ట్యూబుల్లో ఇప్పుడు వైరస్సూ లేదు, పందీ లేదు. ఎవరు పరీక్షించినా క్లీన్ అనే వస్తుంది.

తలెత్తేసరికి వదిన చేతిలో పిస్తోలు ఉంది.

"వాసన చూడకుండా వెళ్ళుంటే బాగుండేది," అంది నిజంగానే బాధపడుతున్నట్టు. "నీ అంత మర్యాదస్థుణ్ణి ఇంకెక్కడ వెతుక్కోను?"

"ఆ కోల్డ్ రూము గడియ కూడా నువ్వేనా?"

"నేనే. లోపల మనిషున్నాడని తెలిసే పెట్టాను. అబద్ధం చెప్పే ఓపిక లేదివాళ." ఆమె దగ్గింది. ఆగి మళ్ళీ దగ్గింది. "నువ్వు ఫ్లాస్క్ తెరిచావా?"

ఆ మాటకి తోడల్లుడు పిస్తోలు సంగతి మరిచిపోయి ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెడ కొంచెం బిగుసుకుని ఉంది. తెరవడం ఇందాక కళ్ళారా చూసిన మనిషే మళ్ళీ అడుగుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి వదినా ఈ దగ్గు?"

"ఏసీ గాలి పడదు నాకు."

"ఏసీ మధ్యాహ్నం నుంచీ పనిచేయడం లేదు. నేనే ఆపాను."

వదిన ఏసీ వైపు చూసింది. మళ్ళీ అతని వైపు చూసింది.

"ఆ ఫారానికి వెళ్ళావు కదూ? మాస్కు పెట్టుకున్నావా?"

"పందులు కొనడానికొచ్చిన షావుకారమ్మ వేషం నాది. మాస్కు పెట్టుకుని బేరమాడితే ఎవడు నమ్ముతాడు?" అంది. అంటూండగానే ఆమె గొంతు మారిపోయింది. "ఒక పంది నా మొహం మీద తుమ్మింది. అందరం నవ్వుకున్నాం."

ఎడమ చేత్తో ఫోన్ తీసి సిండికేట్‌కి కలిపింది. ఇంజక్షన్ కావాలంది. అవతలి గొంతు మర్యాదగా ఏదో చెప్పింది. ఫోన్ కట్ అయింది. మళ్ళీ కలిపితే ఆ నంబరే లేదంది.

"ఓడ కదిలాక చూద్దామన్నారు," అంది వదిన. "వాళ్ళకి నేను ఇంత చేశాను."

"వాళ్ళు మన ఆఫీసులో పనిచేయాల్సినవాళ్ళు," అన్నాడు తోడల్లుడు. "మా చెల్లెలికి ఇదే జబ్బు, వదినా. నువ్వు మార్చిన ట్యూబుల్లో దానిది కూడా ఒకటి. ఆ ఫారంలో పుట్టిన వైరస్ ఈ ఊళ్ళో ఇప్పుడు నీ గొంతులో తప్ప ఎక్కడా లేదు. నన్ను కాలిస్తే నువ్వూ పోతావు. నోరు తెరువు."

వదిన పిస్తోలు మంచం మీద పడేసి, కుర్చీలో కూలబడి, స్కూలు పిల్లలా నోరు తెరిచింది.

స్వాబ్ తీసి మిషన్లో పెట్టాడు. అవతల పెద్దమ్మ కమిటీ గదిలో కూర్చుని దగ్గు నటిస్తోంది, మంచినీళ్ళడుగుతోంది, లేని అనుమానాలు లేవదీస్తోంది. ఛైర్మన్‌కి విసుగొచ్చి పెన్ను మూత తీశాడు. రేవులో ఓడ తాళ్ళు విప్పుతున్నారు. అప్పుడు గడ్డం మిషన్ మీద ఎర్రదీపం వెలిగింది.

వీడియో కాల్‌లో వదినే మాట్లాడింది. ఎక్కడికి వెళ్ళిందో, ఏం మార్చిందో, ఎవరు చెప్తే మార్చిందో దాచకుండా చెప్పింది. ఛైర్మన్ పెన్ను మూత పెట్టేశాడు. ఆఖరి తాడు విప్పబోతుండగా ఓడ ఆగింది. సిండికేట్ మనుషుల్ని ఎయిర్‌పోర్టులో, షాంపేన్ గ్లాసులతో సహా పట్టుకున్నారు. గంట మొదటిసారి టైముకి మోగింది. పందులే పాపం, ఏమీ తెలియక ఓడలో అరుస్తూనే ఉన్నాయి.

"లాకర్ తీశారా పెద్దమ్మా?" అన్నాడు తోడల్లుడు.

"తీశారయ్యా," అంది పెద్దమ్మ. ఆ గొంతులో సంతోషమేమీ లేదు.

"ఏమైంది?"

"డోసు కన్ఫర్మ్ అయిన పేషెంటుకే ఇవ్వాలట. కన్ఫర్మ్ అయింది ఒక్క వదినకి. నీ చెల్లెలి ఫైల్లో ఇంకా క్లీన్ అనే ఉంది."

"అది దొంగ రిపోర్టని వదినే ఒప్పుకుందిగా!"

"దొంగదని ఒప్పుకున్నారు. కానీ దాని స్థానంలో అసలుది రావాలట కదా. కొత్త శాంపిల్ తీశారు, వ్యాన్ బయలుదేరింది. ఛైర్మన్ కాళ్ళు పట్టుకున్నానయ్యా. నిజంగానే పట్టుకున్నాను."

కందకి లేని దురద కత్తిపీటకి అంటారు. ఆ కమిటీలో కందలే కూర్చున్నాయి.

డోసు హోటల్‌కే వచ్చింది. కాంటాక్ట్ అయినందుకు తోడల్లుణ్ణి అదే గదిలో ఉంచి, మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి, బయట సీల్ వేశారు. లోపల డాక్టరంటూ ఉన్నది అతనొక్కడే. ఇంజక్షన్ అతనే చేయాలి.

సిరంజిలోకి మందు ఎక్కించాడు. దీన్ని కిటికీలోంచి విసిరేస్తే? చెల్లెలికి చేరదు. నేల మీద పోసేస్తే? చేరదు. ఎలా తిప్పి ఆలోచించినా చెల్లెలికి చేరే దారి లేదు. ఆ కోల్డ్ రూములో మోకాళ్ళు ముడుచుకున్న మనిషి గుర్తొచ్చాడు.

"నేనైతే చేయను," అంది వదిన తెర అవతలి నుంచి. "నీ చోట ఉంటే."

"నాకూ చేయాలని లేదు. చెయ్యి చాపు."

చేశాడు. నొప్పి పుట్టకుండా చేయడం అలవాటై, అలాగే చేశాడు. అందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

మర్నాడు సాయంత్రం వదిన జ్వరం దిగింది. తెలిసిందే మళ్ళీ అడగడం మానేసింది. గోడకి ఆనుకుని కూర్చుని, ముత్యాలు తీసి దిండు కింద పెట్టుకుంది. అప్పుడే ఫోన్ మోగింది. పెద్దమ్మ ఏడుస్తోంది. ఆవిడ ఏడుస్తుందని డిపార్ట్‌మెంట్లో ఎవరికీ తెలియదు. వ్యాన్ వచ్చిందట. చెల్లెలి రిపోర్టు పాజిటివ్. వెంటనే డోసు మంజూరు చేసి, పంపుతున్నామని ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఆ అమ్మాయి మధ్యాహ్నమే పోయిందన్నారట. చివర్లో అన్నయ్య మందు పంపించాడా అని అందర్నీ అడిగిందట.

తోడల్లుడు ఫోన్ పెట్టేసి నేల మీద కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. గొంతులో ఏదో గరగరలాడింది. అది దుఃఖమో, వైరస్సో, చూసి చెప్పగల డాక్టరు తనే.

"ఎవరూ?" అంది వదిన. "మీ చెల్లెలికి మందు వచ్చిందా?"

"రూల్ ప్రకారం టైముకే వచ్చింది వదినా," అన్నాడు తోడల్లుడు. "మా చెల్లెలికే రూల్స్ తెలియవు."