వెనక్కి తీసుకున్న శాపం

దూది గడ్డం పెట్టుకుంటే ముక్కు దురద పెడుతుంది. గోక్కుంటే గడ్డం జారుతుంది. అయినా చిటపట మధ్యాహ్నం నుంచి దాన్ని తీయనే లేదు.

ఇంట్లోనూ బడిలోనూ అందరూ ఆ పిల్లను చిటపట అనే పిలుస్తారు. కోపం ముక్కు మీదే ఉంటుంది మరి. అలాంటి పిల్లకు డ్రామా టీచర్ వసిష్ఠ మహర్షి వేషం ఇచ్చింది. ఇంకెవరూ దొరకలేదా అని వాళ్లమ్మే ఆశ్చర్యపోయింది.

అమ్మ టైలర్. దిండు కుట్టగా మిగిలిన దూదిని గుడ్డకు కుట్టి, ఎలాస్టిక్ తగిలించి గడ్డం చేసింది. ఖాళీ షాంపూ సీసాకు గోధుమరంగు కాగితం చుట్టి కమండలం చేసింది.

"అమ్మా, మహర్షులు శాపాలు పెడతారు కదా?"

"కదలకు, సూది గుచ్చుకుంటుంది" అంది అమ్మ.

అంటే అవుననే అనుకుంది చిటపట. ఇక చూడాలి ఆ ఇంటి సంగతి. రిమోట్ ఇవ్వకపోతే తమ్ముడికి లెక్కల్లో సున్నా వచ్చు గాక. తలుపు తీయడం ఆలస్యమైతే వాడి పెన్సిల్ విరుగు గాక. కమండలంలో నిజం నీళ్లే పోసుకుని, శాపం పెట్టినప్పుడల్లా వాడి మీద చల్లేది. రోజుకు రెండుసార్లు చొక్కా మార్చుకోలేక తమ్ముడి పని అయిపోయింది.

నాటకంలో విశ్వామిత్రుడు మొదట రాజు. వసిష్ఠుడి ఆవు కావాలని బాణాలు వేస్తాడు. వసిష్ఠుడు తన కర్ర నేలకు ఆనించి ఊరికే నిలబడతాడు. బాణాలన్నీ వచ్చి అక్కడే పడిపోతాయి. చివరికి విశ్వామిత్రుడు గొప్ప తపస్సు చేసి వస్తే, "రండి, బ్రహ్మర్షీ" అని వసిష్ఠుడే పిలుస్తాడు.

విశ్వామిత్రుడి వేషం గంట అనే పిల్లాడిది. వాడు నోరు తెరిస్తే వరండా చివరిదాకా వినిపిస్తుంది. అందుకే ఆ పేరు.

నాటకానికి రెండు రోజుల ముందు, రిహార్సల్‌లో గంటకు చిలిపి బుద్ధి పుట్టింది. బాణం వేయాల్సింది పోయి గడ్డం పట్టుకుని లాగి వదిలాడు. అది టప్పున వచ్చి చిటపట మూతికి తగిలింది. క్లాసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

చిటపటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి కొంచెమే, అవమానం బోలెడు. కమండలం ఎత్తి వాడి మీద నీళ్లు చల్లింది.

"ఎల్లుండి స్టేజి మీద నీ నోట మాట పడిపోవు గాక!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఈ నాటకంలో వసిష్ఠుడికి శాపం పెట్టే డైలాగ్ ఉందా?" అని అడిగింది టీచర్.

"లేదు టీచర్."

"ఎందుకు లేదో ఇంటికెళ్లి ఆలోచించు."

చిటపట ఆలోచించలేదు. బాగా అయింది వాడికి, అనుకుంటూ హాయిగా నిద్రపోయింది.

మర్నాడు రిహార్సల్‌లో గంట మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆగాడు. టీచర్ రెండుసార్లు మంచినీళ్లు తాగించింది. లాభం లేకపోయింది.

"రేపు కూడా ఇలాగే అయితే నీ మాటలు తెర వెనక నుంచి నేను చదువుతాను. నువ్వు చేతులు ఊపు చాలు" అంది.

తర్వాత గంట ఒక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. చిటపట వెళ్లి పక్కన నిలబడింది.

"ఒరేయ్, అది ఉత్తుత్తి శాపం రా."

"నాకూ తెలుసు. కానీ నోరు తెరిస్తే అదే గుర్తొస్తోంది. మా నాన్న రేపు బస్సు నడపకుండా సెలవు పెట్టాడు. నా గొంతు వినడానికే."

సారీ అందామనుకుంది చిటపట. నోరు రాలేదు. శాపం తనకే తగిలినట్టు నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు తమ్ముడి చొక్కా పొడిగానే ఉంది.

నాటకం రోజు హాలు నిండిపోయింది. గంట కిరీటం పెట్టుకుని వచ్చాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మూడో వరుసలో వాళ్ల నాన్న ముందుకు వంగి కూర్చున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తెర వెనక టీచర్ కాగితం తెరిచింది.

వసిష్ఠుడు ఇప్పుడు కదలకూడదు. అయినా చిటపట కర్ర పక్కన పెట్టి, గంట దగ్గరికి నడిచింది.

"రాజా, మొన్న కోపంలో నిన్ను శపించాను. తప్పు నాది. అందరి ముందూ ఆ శాపం వెనక్కి తీసుకుంటున్నాను."

కమండలంలో నీళ్లు వాడి తల మీద చిలకరించింది. ఇదీ నాటకమే అనుకుని పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. క్లాసు పిల్లలకు మాత్రం అంతా తెలుసు. చిటపట ముఖం కందిపోయింది. గడ్డం ఉండబట్టి సరిపోయింది.

గంట ముక్కు మీద నీళ్లు తుడుచుకున్నాడు. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"మహర్షీ! ఆ ఆవును నాకు ఇచ్చెయ్యండి!"

కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. "మా వాడే" అని వాళ్ల నాన్న అటు పక్కా ఇటు పక్కా చెప్పేశాడు.

చిటపట వెనక్కి వెళ్లి మళ్లీ కర్ర ఆనించి నిలబడింది. బాణాలు దాని దగ్గరే పడ్డాయి. ఒకటి మాత్రం చిటపట ముక్కుకే తగిలింది. చిటపట కదల్లేదు. ఆఖరున "రండి, బ్రహ్మర్షీ" అంటూ రెండు చేతులూ చాచింది. ఆ మాట నాటకంలోదే. చాచిన చేతులు తనవి.

తెర పడగానే తమ్ముడు స్టేజి మీదికి పరుగెత్తుకొచ్చాడు. ఎన్నాళ్ల నుంచి కాచుకున్నాడో, గడ్డం పట్టుకుని లాగి వదిలాడు.

టప్.

అందరూ బిగుసుకుపోయారు. చిటపట కమండలం ఎత్తింది. తమ్ముడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

చిటపట గడ్డం పైకి జరిపి ఆ నీళ్లు గటగటా తాగేసింది.

"దాహమేసింది" అంది.