లెక్కలో తగ్గిన ఏడు గుడ్లు

'షుగర్' అనే బాంబర్ ఇంగ్లండ్ దాటి జర్మనీ దాకా పోనేలేదు. లింకన్‌షైర్ బీట్ దుంపల పొలాల మీదే, సాయంత్రపు ఎండ ఇంకా ఉండగానే, ఎనిమిది వేల అడుగుల ఎత్తున పేలిపోయింది. అందులోని ఏడుగురూ ముక్కలై రాలారు. తోక తుపాకి దగ్గర కూర్చునే ఇరవై ఒక్కేళ్ళ విల్ఫ్ క్రాగ్‌ది ఒక బూటు దొరికింది. పాదం అందులోనే ఉంది.

మూడో రోజు లండన్‌లో, కల్నల్ పెన్‌ఫోల్డ్ ఎదుట విల్ఫ్ అన్న నిలబడ్డాడు. పేరు జోసయా క్రాగ్. వృత్తి గూఢచర్యం.

"కూర్చో."

"నిలబడతాను సార్."

"నెలలో మూడు బాంబర్లు. మూడూ ఎనిమిది వేల అడుగుల దగ్గరే. ఏమర్థమైంది?"

"గాలి ఒత్తిడి తగ్గితే పేలే బాంబు. స్థావరం లోపలివాళ్ళే పెడుతున్నారు."

"అక్కడ మన మనిషి ఒకతె ఉంది. మెస్ ఆఫీసర్ వెరిటీ. శత్రు ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు కబుర్లు పంపుతోంది. నువ్వు వంటవాడిగా వెళ్ళు." కల్నల్ ఒక ఇనుప గరిటె అందించాడు. "పిడిలో తూటా ఉంది. ఒక్కటే. గురి తప్పితే గరిటెతోనే బాదుకోవాలి."

క్రాగ్ నవ్వలేదు. అతని జేబులో తమ్ముడి ఆఖరి ఉత్తరం ఉంది. 'దాడికి వెళ్ళొచ్చినవాడికి ఇక్కడ గుడ్డు వేయించి పెడతారన్నయ్యా. దేశమంతా గుడ్డు కోసం మొహం వాచిపోయి ఉంటే మాకు మాత్రం దొరుకుతుంది. వెళ్ళిన ప్రతివాడి పేరనా గుడ్డు పెనం మీద పడాల్సిందే. తిరిగి రాడేమోనని ఒక్కటి తగ్గించినా అపశకునం. రానివాడి గుడ్డు పక్కవాడు తింటాడు.'

వెరిటీ చూపు తిప్పుకోలేనంత అందగత్తె. తొలిరోజు వంటగదిలో క్రాగ్ నెమ్మదిగా అడిగాడు.

"బ్లాక్‌బెర్రీలు పండాయా?"

"ఇంకా పులుపే." కోడ్ సరిపోయింది. "ఇంజన్ల షెడ్డులో ముసలి మెకానిక్ మీద కన్నేసి ఉంచండి."

క్రాగ్ మూడు రోజులు ఆ ముసలాడి వెంట తిరిగాడు. తేలిందల్లా ఒక్కటే: వాడు మెస్‌లో చక్కెర దొంగిలిస్తున్నాడు.

నాలుగో సాయంత్రం ఇరవై బాంబర్లు బయలుదేరుతున్నాయి. వాటిలో 'కింగ్' అనేదాని పైలట్ ఈవార్ట్ టీ తాగుతూ వంటవాణ్ణి ఆటపట్టించాడు.

"నేను రాకపోతే నా గుడ్డు నువ్వే తినేయ్ బాబాయ్."

"నాకు గుడ్డు పడదురా. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి."

"అయితే నీకోసమైనా బతికి రావాలన్నమాట!"

కుర్రాళ్ళు పగలబడి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర వెరిటీ ఒక్కో బృందానికీ వేడి కోకో ఫ్లాస్కులు అందించింది. విమానాలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. అప్పుడామె వంటగదిలోకి వచ్చి క్రాగ్‌కి ఒక చీటీ ఇచ్చింది.

"తెల్లవారి వేయించాల్సిన గుడ్లు. ఒక్కటి కూడా వృథా చేయకండి."

క్రాగ్ చదివాడు. పంతొమ్మిది విమానాలు, ఒక్కోదానికి ఏడేసి గుడ్లు. కింగ్ పేరు లేదు.

"కింగ్ వాళ్ళని మర్చిపోయారు మేడమ్."

వెరిటీ మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆమె మర్చిపోలేదు. హాంబర్గ్‌లో ఆకలితో పెరిగిన పిల్ల అని ఆ తర్వాత ఆమె కాగితాల్లో తెలిసింది. తినేవాడు లేని గుడ్డు పగలగొట్టడానికి చెయ్యి రాలేదు, అంతే.

ఆమె చేతిలో పిస్తోలు పేలింది. క్రాగ్ ఎడమ భుజం చీలిపోయింది. అతను మరుగుతున్న కొవ్వు పెనం ఎత్తి ఆమె మొహాన కొట్టాడు. వెరిటీ చెవులు చిల్లులు పడేలా అరిచింది. గరిటె దెబ్బకి మణికట్టు విరిగి పిస్తోలు జారింది. అయినా రెండో చేత్తో రొట్టెలు కోసే కత్తి అందుకుని అతని తొడలో దించింది.

"తోక తుపాకివాడి అన్నయ్యవి కదూ? చూడగానే గుర్తుపట్టాను," కాలిన పెదవులతో నవ్వింది. "నీ తమ్ముడు కూడా నా ఫ్లాస్కు ఎంత బుద్ధిగా పట్టుకెళ్ళాడో!"

క్రాగ్ గరిటె పిడి ఆమె గొంతుకు ఆనించి నొక్కాడు. ఒక్క తూటా సరిపోయింది.

తర్వాత ఆమె పిస్తోలు తీసుకుని, కుంటుకుంటూ, నెత్తురు కారుతుండగా కంట్రోల్ టవర్‌కి పరుగెత్తాడు.

"రేడియో వాడకూడదు! ఆర్డర్!" అడ్డొచ్చాడు డ్యూటీ ఆఫీసర్.

క్రాగ్ వెరిటీ పిస్తోలు అతని నుదుటికి పెట్టి మైకు లాక్కున్నాడు.

"కింగ్! కోకో ఫ్లాస్కులన్నీ బయటికి విసిరేయండి! బాంబుంది!"

"ఎవడ్రా నువ్వు?" ఈవార్ట్ గొంతు. "జర్మన్లు మన భాష బాగానే నేర్చారే!"

"గుడ్డు పడని బాబాయిని రా, వెధవా!"

రేడియో గరగరమంది.

"ఎంత ఎత్తున ఉన్నావ్?"

"ఏడు వేల తొమ్మిది వందలు."

"దించు! ముక్కు దించి విసురు!"

క్రాగ్ కిటికీకి అతుక్కుపోయాడు. విల్ఫ్ కాలిపోతూ రాలుతున్నట్టు కనిపించాడు కళ్ళకి. అంతలో దూరాన బీట్ పొలంలో మన్ను చెట్టంత ఎత్తు లేచింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఆకాశంలో చుక్కంత విమానం మాత్రం సాగిపోతూనే ఉంది.

"బాబాయ్," అంది రేడియో, వణుకుతూ. "ఇంత ఘాటు కోకో నేనెప్పుడూ చూళ్ళేదు."

తెల్లారి కింగ్ ఏడుగురూ తిరిగొచ్చారు. భుజానికి కట్టుతో క్రాగే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఇరవై విమానాలకీ నూట నలభై గుడ్లు వేయించాడు. ఆపైన ఇంకొకటి.

"ఇదెవరిది?" అడిగాడు ఈవార్ట్.

"షుగర్‌లో మా తమ్ముడుండేవాడు."

ఈవార్ట్ ఆ పళ్ళెం క్రాగ్ ముందుకు జరిపాడు. "మరి పక్కవాడు తినాలి కదా బాబాయ్."

క్రాగ్ ఏడుస్తూ, ఒక్క ముక్క వదలకుండా తిన్నాడు.

మధ్యాహ్నం కల్నల్ ఫోన్ చేశాడు. "గాయాలెలా ఉన్నాయి?"

"గాయాలకేం సార్, బాగానే ఉన్నాయి," అన్నాడు క్రాగ్, వీపు తలుపుకేసి రుద్దుకుంటూ. "దద్దుర్లే చంపేస్తున్నాయి."