డేగ ముసుగు తొడుక్కున్న కోనమ్మ

గండశిల రాజ్యంలో పాములు పెచ్చుపెరిగిపోయాయి. గాదెల్లో పాములు, పసిపిల్లల ఉయ్యాలల్లో పాములు. వాటిని పట్టే డేగలన్నీ చండకేతు మహారాజు సరదా కొద్దీ ఆయన పంజరాల్లో ఉన్నాయి మరి! మనిషి చేతి మేత మరిగిన ఆ పక్షులు వదిలినా ఎగిరిపోవు. తమ జాతిని చూస్తే ముఖం తిప్పుకుంటాయి. గూడు కట్టవు.

నెపమంతా వాటిని పెంచే గురవన్న మీద పడింది.

"తొలకరి లోపల నా ఆకాశంలో డేగలు వేటాడాలి. లేదా నిన్ను పాముల గోతిలో తోయిస్తాను" అని రాజు అతన్ని చెరలో వేయించాడు.

 గురవన్న కూతురు కోనమ్మ అడవి దారి పట్టింది. ఆకైనా కదలని ఆ అడవి దాటి, కొండకొమ్మున ముసలి తల్లి డేగను చేరింది.

"మా నాన్నను కాపాడు తల్లీ!"

"నా బిడ్డలను పంజరాల పాలు చేసినవాడినా?" అంటూ డేగ కళ్లెర్రజేసింది. కోనమ్మ ఏడుస్తూ అక్కడే కూర్చుంది. చివరికి డేగ రెండు గుడ్లు, ఒక ఈకల ముసుగు ఆమె ముందుకు తోసింది.

"ఇది తొడుక్కుని పెంచు. ఎగిరేలోగా నీ ముఖం చూశాయా, అవీ మనుషుల వెంటే పడతాయి. నువ్వెవరో తెలియకుండా నిన్ను విడిచి వెళ్లిన రోజే ముసుగు ఊడుతుంది. లేకుంటే ఆ ముఖమే నీది."

కోనమ్మ గుడ్లను ఇంటికి తెచ్చి, వెచ్చగా దాచి పొదిగింది. పిల్లలు బయటికొచ్చాక ముసుగు ముక్కుతోనే మాంసం ముక్కలు అందించేది. పెదవి విప్పేది కాదు. అవి ఒళ్లో దూరి నిద్రపోతుంటే ముద్దుగా పిలవాలని ప్రాణం కొట్టుకునేది. రోజురోజుకూ ముసుగు చర్మానికి అంటుకుపోయింది. చెంపల్లోకి ఈకల మొదళ్లు దిగాయి.

తొలి మబ్బు కమ్మిన నాడు రాజు ఆ ఇంటికి వచ్చాడు. గురవన్నను వాకిట్లో తవ్వించిన పాముల గోతి అంచున నిలబెట్టారు.

"తలుపు తియ్యి పిల్లా! నా చేత్తో మేత పెడతాను. ఎవరి డేగలో వాటికి తెలియాలి."

కోనమ్మ తలుపు తియ్యలేదు. కొండవైపు కిటికీ తెరిచింది. పిల్లలు ఆమె ఒళ్లోకే ఒదిగాయి. ఏడుపు దిగమింగుకుని, ముక్కుతో పొడిచి తరిమింది. బెదిరిపోయి రెండూ ఎగిరిపోయాయి.

"తోసెయ్యండి వాణ్ణి!" అని రాజు అరిచాడు.

అప్పుడే గోతిలోంచి ఒక నల్లత్రాచు రాజు కాళ్ల ముందుకే పాకి పడగెత్తింది. మబ్బులోంచి ఆ డేగపిల్లల్లో ఒకటి దూసుకొచ్చి దాన్ని తన్నుకుపోయింది. రాజు చతికిలబడ్డాడు. గురవన్న కట్లు విప్పమని చేత్తో సైగ చేశాడు.

బయటికి పరుగెత్తుకొచ్చిన కోనమ్మ ముసుగు ఊడి నేల మీద పడింది. గోడ మీద వాలిన డేగ ఆమె ముఖాన్ని చూసింది. ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసి, ఎగిరిపోయింది. తండ్రిని కావలించుకుని కోనమ్మ భోరుమంది.

మరుసటి ఏడు కొండకొమ్మున కొత్త గూడు వెలిసింది. పాములు పుట్టల దారి పట్టాయి. రాజు పంజరాలు విరగ్గొట్టించి, కొండను కోనమ్మ ఏలుబడికి ఇచ్చాడు. పాత డేగలు మాత్రం ఆయన భుజం వదల్లేదు, పాపం!

గూట్లో పిల్లలున్న రోజుల్లో కోనమ్మ ఆ కొండెక్కితే, ముఖం కప్పుకునే ఎక్కేది.